ఇంగ్లిష్ ‘సెట్’: ఒకటే మాటా, పది మాటలా?

కొల్లేరు_కొంగ
ఇంటర్ పిల్లలకి స్పోకెన్ ఇంగ్లిష్ చెబుతుంటాను. గో, గెట్, టేక్ లాంటివి ఎలాగోలా లాక్కొస్తాను గానీ సెట్ దగ్గరికి వచ్చేసరికి పిల్లలూ నేనూ ఒకేచోట ఆగిపోతున్నాం. సూర్యుడు సెట్ అవుతాడు, అలారం సెట్ చేస్తాం, జెల్లీ సెట్ అవుతుంది, విరిగిన ఎముకని డాక్టరు సెట్ చేస్తాడు, భోజనానికి టేబుల్ సెట్ చేస్తారు, టెన్నిస్‌లో సెట్ గెలుస్తారు, ఫలానా నవల ఫలానా ఊళ్ళో సెట్ అయి ఉంటుంది, వాన సెట్ ఇన్ అవుతుంది. శంకరనారాయణ నిఘంటువు తీస్తే చదువుతున్నకొద్దీ ఇంకా ఉంది. వీటన్నిటినీ కలిపే దారం ఏదైనా ఉందా, లేక బట్టీ పట్టించడమే గతా? తెలిసినవాళ్ళు చెప్పండి. జోకులు వేసేవాళ్ళు కూడా రావచ్చు, కాస్త వరసలో రండి.

పులిహోర_ప్యాకెట్
వరసలో మొదట నేనే ఉన్నాను. సెట్ దోశ మర్చిపోయారు సార్. బెంగుళూరులో ఉన్న తెలుగువాళ్ళ మనోభావాలు దెబ్బతిన్నాయి.

తాళపత్రం
కొంగ గారూ, దారం ఉంది, కాకపోతే ఒకటి కాదు, రెండు. అసలు చిక్కంతా అక్కడే.

ముందు క్రియ సంగతి. పాత ఇంగ్లిష్‌లో సిట్టన్ అంటే కూర్చోవడం, సెట్టన్ అంటే కూర్చోబెట్టడం. మనకి మునుగు–ముంచు, తిరుగు–తిప్పు, పెరుగు–పెంచు ఉన్నట్టే వాళ్ళకీ ఒకప్పుడు ఇలాంటి జంటలు బోలెడు ఉండేవి, ఇప్పుడు నాలుగైదు మిగిలాయి. ఫాల్ అంటే పడటం, ఫెల్ అంటే చెట్టుని పడగొట్టడం. లై అంటే పడుకోవడం, లే అంటే పడుకోబెట్టడం. డ్రింక్ అంటే తాగడం, దాని జంట డ్రెంచ్ అంటే మొదట్లో తాగించడం, తడిపి ముద్ద చేయడం అన్నది తర్వాత వచ్చి చేరింది. సిట్–సెట్ కూడా ఆ ఇంటివాళ్ళే. ‘దేన్నైనా దాని చోట కుదురుగా కూర్చోబెట్టడం’ అని పట్టుకుంటే మీరు రాసినవాటిలో సగానికి పైగా వాటంతట అవే విడిపోతాయి: ఎముకని దాని చోట కూర్చోబెట్టడం, అలారం ముల్లుని అయిదు మీద పెట్టడం, బల్ల మీద కంచాలు అమర్చడం, ఉంగరంలో రాయి పొదగడం, కథని ఒక ఊళ్ళో నిలపడం.

ఇక గుంపు, జత, సముదాయం అనే అర్థంలో వచ్చే సెట్‌కి పుట్టిల్లు వేరు. అది లాటిన్ సెక్టా నుంచి పాత ఫ్రెంచ్ మీదుగా వచ్చింది. ఒక గురువునో మతాన్నో అనుసరించేవాళ్ళని సెక్ట్ అంటాం చూడండి, అదే మూలం. రెండూ ఒకేలా పలకడం, ఒకేలా రాయడం వల్ల శతాబ్దాలుగా ఒకదాని అర్థం ఇంకొకదానికి అంటుకుంటూ వచ్చింది. ఒకచోట చేర్చి పెట్టిన వస్తువులు అన్న ఊహ అలా వచ్చిందే. అందుకని టీ సెట్‌నీ సన్‌సెట్‌నీ ఒకే ముడి వేసి పిల్లలకి చెప్పాలని చూడకండి, మీరే ఇరుక్కుంటారు.

వరంగల్_వాన
అదంతా బాగుంది సార్, మరి సూర్యుడిని ఎవరు కూర్చోబెడుతున్నారు?

తాళపత్రం
మంచి ప్రశ్న. అక్కడ కర్మ లేదు, సూర్యుడే దిగి కూర్చుంటున్నాడు. అంటే ఇక్కడ సెట్ చేస్తున్న పని నిజానికి సిట్ చేయాలి. ఈ రెండిటి మధ్య గట్టు చాలాకాలం క్రితమే తెగిపోయింది. అమెరికా పల్లెల్లో గుడ్లు పొదిగే కోడిని సెట్టింగ్ హెన్ అంటారు, వ్యాకరణం ప్రకారం సిట్టింగ్ అనాలి. సెట్ ఎ హెన్ అన్నారంటే మాత్రం మనం కోడిని పొదగేయడమే, అది వ్యాకరణానికి కూడా సరిపోతుంది. సూర్యుడి విషయంలో మన కుంగడం, క్రుంకడం ఆ భావానికి చాలా దగ్గర.

పిల్లలకి ఇంకో ముక్క కూడా చెప్పండి. పుట్, కట్, హిట్, లెట్ లాగే దీనికీ మూడు కాలాల్లో రూపం మారదు. ‘దే సెట్ ద టేబుల్’ అని ఒక్క వాక్యం చూసి రోజూ అమరుస్తారా, నిన్న అమర్చారా అన్నది ఎవరూ చెప్పలేరు. పక్కన ఇంకో మాట ఉండాల్సిందే.

గుణకారం
రికార్డు సంగతి కూడా చెప్పుకోవాలి కదా. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ రెండో కూర్పు 1989లో 20 సంపుటాలుగా వచ్చినప్పుడు అందులో అన్నిటికంటే పొడుగాటి ఎంట్రీ సెట్‌దే. 430 పైచిలుకు అర్థాలు, వివరణే దాదాపు 60,000 పదాలు, అంటే ఒక మోస్తరు నవలంత. చాలామంది ఇప్పటికీ అదే మొదటి స్థానం అనుకుంటూ వాట్సాప్‌లో పంపుతుంటారు. మూడో కూర్పు కోసం ఒక్కో మాటనీ తిరగరాస్తూ పోతుంటే ముందు మేక్, తర్వాత పుట్, 2011 నాటికి రన్ దాన్ని దాటేశాయి. రన్ క్రియ ఒక్కదానికే 645 అర్థాలు తేలాయి, పీటర్ గిల్లివర్ అనే సంపాదకుడు ఆ ఒక్క మాట మీదే తొమ్మిది నెలలు పని చేశాడు.

పులిహోర_ప్యాకెట్
తొమ్మిది నెలలా! పురుడు పోసుకున్నట్టే పాపం.

డల్లాస్_దోసకాయ
ఇక్కడికి వచ్చిన కొత్తలో నన్ను ఏడిపించింది మాత్రం ఆల్ సెట్ అండీ. హోటల్లో సర్వరు వచ్చి ‘ఆర్ యు ఆల్ సెట్?’ అంటే ఏమిటో, దేనికి సిద్ధంగా ఉండమంటున్నాడో తెలిసేది కాదు. ఆర్డరు చెప్పకముందు అడిగితే ఆర్డరు ఇవ్వడానికి రెడీయా అని, తినేటప్పుడు అడిగితే ఇంకేమైనా కావాలా అని, తిన్నాక అడిగితే బిల్లు తెమ్మంటారా అని. షాపు కౌంటర్లో పని అయిపోయాక వాళ్ళే ‘యూ ఆర్ ఆల్ సెట్’ అంటే ఇక మీరు వెళ్ళొచ్చు అని. మనం ‘ఐయామ్ ఆల్ సెట్’ అన్నామంటే అక్కర్లేదు, చాలు అని మర్యాదగా చెప్పడం. ఎవరైనా ఇంకాస్త కూర వేయబోతే మనం చెయ్యి అడ్డం పెడతాం చూడండి, ఆ పని ఈ రెండు మాటలు చేస్తాయి. నిఘంటువులో దీనికి రెడీ అని ఉంటుంది, అది పట్టుకుని ఇక్కడ బతకలేం.

ఇంకోటి, డబ్బు ఖర్చు గురించి. ‘దట్ కార్ సెట్ మీ బ్యాక్ థర్టీ థౌజండ్’ అంటారు. కారు నన్ను వెనక్కి నెట్టిందని కాదు, దానికి ముప్ఫై వేల డాలర్లు వదిలాయని.

సిమెంటు_బస్తా
సెట్ బ్యాక్ అంటే మాకు ఇంటి చుట్టూ మున్సిపాలిటీ వదలమన్న ఖాళీ స్థలం, పేపర్ వాళ్ళకి ఎదురుదెబ్బ, దోసకాయ గారికి కారు ఖర్చు. ఖాళీ వదలకుండా కట్టి నోటీసు తెచ్చుకున్నవాళ్ళకి మూడూ ఒకేసారి అనుభవమవుతాయి.

సరే, నేను రావాలనుకున్నది సిమెంటు గురించి. సైట్లో మేస్త్రీలు కూడా సెట్ అయింది అనే అంటారు, ఇంగ్లిష్‌లోనూ అదే మాట. కానీ సెట్ అవ్వడం వేరు, గట్టిపడటం వేరు, ఇది చాలామంది ఇల్లు కట్టుకునేవాళ్ళకి తెలియదు. సెట్ అవ్వడమంటే ముద్దగా ఉన్నది కదపడానికి వీల్లేని స్థితికి రావడం, అంతే. మామూలు ఓపీసీ (ఆర్డినరీ పోర్ట్‌లాండ్) సిమెంటుకి మన ఐఎస్ ప్రమాణాల ప్రకారం ఇనిషియల్ సెట్టింగ్ టైమ్ 30 నిమిషాలకి తగ్గకూడదు, ఫైనల్ సెట్టింగ్ టైమ్ 600 నిమిషాలు దాటకూడదు. లాబ్‌లో వికాట్ పరికరం అని ఒక సూది ఉంటుంది, అది ముద్దలోకి ఎంత దిగుతుందో చూసి తేలుస్తారు. క్లింకర్ అనే సిమెంటు ముడి గడ్డల్ని మరపట్టేటప్పుడు జిప్సం కలపకపోతే నీళ్ళు పోయగానే బిగుసుకుపోతుంది, దాన్ని ఫ్లాష్ సెట్ అంటారు. ఇక బలం రావడం అనేది ఆ తర్వాత రోజుల తరబడి జరిగే పని. ‘సెట్ అయిపోయింది కదా, ఇంక నీళ్ళెందుకు’ అని క్యూరింగ్ మానేసేవాళ్ళని చూస్తే నాకు బీపీ వస్తుంది. ఇక్కడ తాళపత్రం గారు చెప్పిన ‘కుదురుగా కూర్చోవడం’ సరిగ్గా అతుకుతుంది. కూర్చుంది, ఇంకా కండ పట్టలేదు.

వరంగల్_వాన
అన్నా, అయితే స్లాబుకి కొట్టే సెంట్రింగ్ కూడా ఈ సెట్టింగ్ నుంచే వచ్చిందా?

సిమెంటు_బస్తా
లేదు తమ్ముడూ, అది సెంటర్ నుంచి. కమాను కట్టేటప్పుడు కింద ఆనించే చెక్క చట్రాన్ని సెంటరింగ్ అనేవారు, మన దగ్గర స్లాబు కింద కొట్టే పలకలూ పోట్లూ అన్నిటికీ ఆ పేరే స్థిరపడింది.

గృహిణి_గోంగూర
కాంక్రీటు దాకా ఎందుకు, పెరుగు ప్యాకెట్ల మీద సెట్ కర్డ్ అని ఉంటుంది చూడండి. పెద్ద డ్రమ్ముల్లో తోడుపెట్టి చిలికి పోసింది వేరు, డబ్బాలో పోశాక అందులోనే తోడుకున్నది వేరు, రెండోదాన్ని సెట్ అంటారు. మాకు పెరుగు తోడుకుంటుంది, నెయ్యి పేరుకుంటుంది, పాకం ముదురుతుంది, జున్ను గడ్డకడుతుంది. ఇంగ్లిష్ వాళ్ళకి చాలావరకు సెట్ ఒక్కటే గతి. ఎవరి భాష పేదదో మీరే చెప్పండి.

పులిహోర_ప్యాకెట్
గోంగూర గారూ, అంత తొందరపడకండి. మన కొట్టు సంగతేంటి? కొబ్బరికాయ కొడతాం, చప్పట్లు కొడతాం, ఫోన్ కొడతాం, పోజు కొడతాం, లాటరీ కొడతాం, ట్యూబులో గాలి కొడతాం, పొలానికి మందు కొడతాం, సాయంత్రం అయితే ఇంకో మందు కొడతాం. ఎండ కొడుతుంది, కంపు కొడుతుంది, బోర్ కొడుతుంది. వరదకి కొట్టుకుపోతాం. కోర్టు పిటిషన్ కొట్టేస్తుంది, దొంగ పర్సు కొట్టేస్తాడు. వీధి చివర కిరాణా కొట్టు సంగతి సరేసరి. ఎవరైనా ఆక్స్‌ఫర్డ్ ఆయన్ని పిలిచి కొట్టు మీద కూర్చోబెడితే ఎన్ని పురుళ్ళు అవుతాయో.

తాళపత్రం
ఇది జోకుగా రాశారు గానీ పాఠం చెప్పేవాళ్ళకి పనికొచ్చే జోకు. ఈ కొట్టుని మనం ఎవరం బట్టీ పట్టలేదు, పక్కన ఏ మాట ఉందో చూసి అర్థం లాగేస్తాం. కొంగ గారూ, మీ పిల్లలకి ముందు కొట్టుతో పది వాక్యాలు చెప్పించండి, తర్వాత సెట్‌లోకి దిగండి. భయం పోతుంది.

అచ్చుయంత్రం
ప్రెస్సు వాళ్ళని ఎవరూ తలుచుకోలేదు. సీసం అక్షరాలు ఒక్కొక్కటీ ఏరి స్టిక్‌లో పేర్చడాన్ని ఇంగ్లిష్‌లో టైప్ సెట్టింగ్ అంటారు, మన ప్రెస్సుల్లో కంపోజింగ్ అనేవాళ్ళం, మనిషిని కంపోజిటర్ అనేవాళ్ళం. ఇంగ్లిష్ కంపోజిటర్‌కి రెండు కేసులు, అంటే అక్షరాలు ఉంచే అరల పెట్టెలు, ఉంటే చాలు, తెలుగుకి గుణింతాలు, ఒత్తులు అన్నీ కలిపి చుట్టూ కేసులే. ఆ కుర్రాళ్ళ చేతి వేగం చూసి తీరాలి. కంప్యూటర్లు వచ్చాక డీటీపీ అయింది, ఆ కేసులు తూకానికి పోయాయి.

తర్వాత ఆఫ్‌సెట్. ప్లేటు మీద బొమ్మ నేరుగా కాగితం మీద పడదు, ముందు రబ్బరు బ్లాంకెట్ మీదకి దిగి అక్కడి నుంచి కాగితానికి అంటుతుంది, అందుకే ఆ పేరు. అవే రెండు ముక్కలు తిరగేస్తే సెట్ ఆఫ్, అది ప్రింటర్లకి జబ్బు పేరు: ఇంకు ఆరకముందే కాగితాలు ఒకదాని మీద ఒకటి పడి కింద కాగితం మీది ఇంకు పైదాని వీపుకి అంటుకోవడం. దాని కోసమే యాంటీ సెట్ ఆఫ్ పౌడర్ చల్లుతారు. మామూలు మనుషులకి సెట్ ఆఫ్ అంటే ప్రయాణం కట్టడం, టపాకాయ పేల్చడం, మెటల్ డిటెక్టర్‌ని కూయించడం.

నల్లకోటు
సెట్ ఆఫ్ అంటే మాకు మినహాయింపు, చెల్లువేయడం. విచారణలో ఉన్నప్పుడు జైల్లో గడిపిన రోజుల్ని తర్వాత పడిన శిక్షలోంచి తీసేస్తారు, అది సెట్ ఆఫ్.

అసలు నేను చెప్పాలనుకున్నది సెట్ అసైడ్ గురించి. బడ్జెట్లో స్కూళ్ళకి ఇంత సెట్ అసైడ్ చేశారంటే ఆ డబ్బు విడిగా తీసిపెట్టారని. అదే తీర్పుని సెట్ అసైడ్ చేశారంటే రద్దు చేశారని. మన పేపర్లలో ‘హైకోర్టు తీర్పును పక్కన పెట్టిన సుప్రీంకోర్టు’ అని హెడ్డింగ్ వేస్తారు. అది చదివి మా క్లయింట్లు ‘అయితే మళ్ళీ ఎప్పుడు తీస్తారండీ ఆ ఫైలు’ అని అడుగుతారు. మామూలు తెలుగులో పక్కన పెట్టడమంటే తర్వాత చూద్దాం అని కదా. రద్దు చేసింది అని నిక్షేపంగా రాయొచ్చు, ఎందుకు రాయరో.

ఇదే మాట ఇంకోచోట జీవితాల్ని తారుమారు చేస్తుంది. సివిల్ కేసులో మీరు హాజరు కాకపోతే ఎక్స్‌పార్టే డిక్రీ ఇస్తారు. దాన్ని సెట్ అసైడ్ చేయమని సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ) ఆర్డర్ 9 రూల్ 13 కింద పిటిషన్ వేసుకోవాలి, గడువు 30 రోజులు. ఎవరో ‘అది పక్కన పెట్టారులే’ అన్నారని ఊరుకుంటే గడువు దాటిపోతుంది.

గుణకారం
లెక్కల్లో సెట్‌ని సమితి అన్నారు, మంచి మాట. కాకపోతే పిల్లలకి ఐక్యరాజ్య సమితి గుర్తొస్తుంది, మా నాన్నగారి తరానికి పాత సమితి ప్రెసిడెంట్లు గుర్తొస్తారు. సమితుల సిద్ధాంతం జార్జ్ కాంటర్ 1874లో ప్రచురించిన వ్యాసంతో మొదలైందంటారు, జర్మన్‌లో సమితి పేరు మెంగె. లెక్కల సమితికి ఒక తిక్క ఉంది: వరసతో పని లేదు, ఒకే మూలకం రెండుసార్లు రాసినా ఒకటే లెక్క. క్లాసులో ఒక పిల్లాడు ‘అయితే ఆరు ఒకేలాంటి ప్లేట్లున్న డిన్నర్ సెట్‌లో ఒక్క ప్లేటే ఉన్నట్టా సార్’ అన్నాడు. ఒకేలా ఉన్నా ఆరూ వేర్వేరు ప్లేట్లురా, ఒక్కటి పగిలితే మీ అమ్మ ఎలా లెక్కపెడుతుందో చూడు అన్నాను.

వరంగల్_వాన
మరి ఎంసెట్, ఐసెట్, లాసెట్, ఎడ్‌సెట్?

గుణకారం
అవి కామన్ ఎంట్రన్స్ టెస్ట్‌కి పొడి అక్షరాలు, ఈ సెట్‌తో చుట్టరికం లేదు. కానీ ఆ పరీక్ష హాల్లో ‘నీది ఏ సెట్?’ అని అడుగుతారు చూడు, ప్రశ్నపత్రం సెట్ కోడ్, అది మాత్రం ఇదే.

పులిహోర_ప్యాకెట్
మా వీధిలో సెట్టి గారు?

తాళపత్రం
శ్రేష్ఠి. ఆయన్ని వదిలేయండి.

డల్లాస్_దోసకాయ
జాగ్రత్త పడాల్సింది ఇంకోటి, సెటప్. ఇంగ్లిష్‌లో ‘దే సెట్ హిమ్ అప్’ అంటే వాడిని ఇరికించారని, లేదా వాడికి ఎవరో అమ్మాయిని పరిచయం చేశారని, సందర్భాన్ని బట్టి. మన దగ్గర ‘ఆయనకి ఇంకో సెటప్ ఉంది’ అంటే ఊరంతా చెవులు కొరుక్కుంటారు. మా ఆఫీసులో అమెరికన్ మేనేజరు ‘ఐ హ్యావ్ అనదర్ సెటప్ ఎట్ హోమ్’ అన్నాడు, రెండో మానిటరు గురించి. నేనూ ఇంకో తెలుగాయనా ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు, చూసుకుంటే నవ్వు ఆగేది కాదు.

వరంగల్_వాన
తెలుగులో మనం వాడేవి అసలు ఎవరూ రాయలేదు. లైఫ్ సెట్టు. వాడికి సెట్ అయింది, అంటే అమ్మాయి ఒప్పుకుంది. ఈ కలర్ నీకు సెట్ కాదు. నాకూ ఆయనకీ సెట్ అవ్వదు. టికెట్లు సెట్ చెయ్ అన్నా.

నల్లకోటు
వాటిలో సగం తప్పు ఇంగ్లిష్. నాకు సెట్ అవ్వదు అనే వాడుక ఇంగ్లిష్‌లో ఎక్కడా లేదు.

వరంగల్_వాన
ఇంగ్లిష్ అని ఎవరన్నారు అన్నా, అది తెలుగు. కుదరదు అనడానికి వాడుతున్నాం. పంపుసెట్టు, పళ్ళ సెట్టు, నగల సెట్టు అంటే మీకు తప్పనిపించదు, ఎందుకంటే పెద్దవాళ్ళు వాడతారు. కుర్రాళ్ళు వాడితే మాత్రం తప్పు.

తాళపత్రం
వాన గారి వైపే నేను. కుదరడం అన్న మన మాటకి కూర్చోవడం, అమరడం, పొసగడం అన్నీ ఉన్నాయి, సంబంధం కుదురుతుంది, బేరం కుదురుతుంది, జ్వరం కూడా కుదురుతుంది. సెట్ వచ్చి ఆ కుర్చీలోనే కూర్చుంది. నల్లకోటు గారి మాటలో ఉన్న నిజం ఏమిటంటే ఆ వాక్యాన్ని తిరిగి ఇంగ్లిష్‌లోకి తీసుకెళ్ళకూడదు. ఇంటర్వ్యూలో ‘దిస్ జాబ్ విల్ సెట్ ఫర్ మీ’ అంటే అవతలివాడికి ఏమీ అర్థం కాదు. అక్కడ సూట్, ఫిట్, వర్క్ ఔట్ వాడాలి. పంపుసెట్టు సంగతంటారా, అది ఇంగ్లిష్‌లోనూ ఉంది, మోటారూ పంపూ కలిపి ఒక జత. రేడియో సెట్, టీవీ సెట్ అన్నదీ అలాంటిదే, రకరకాల భాగాలు కలిపి బిగించిన సరంజామా అని. హ్యాండ్‌సెట్ దాకా ఆ తోక వెంట వచ్చింది.

కొల్లేరు_కొంగ
అందరికీ చాలా థాంక్స్. రెండు దారాలు, పక్కమాట చూడటం, కొట్టుతో మొదలుపెట్టడం, ఈ మూడూ రేపటి క్లాసులోకి వెళ్తున్నాయి. సినిమా సెట్ ఏ దారం కిందకి వస్తుందో ఒక్క ముక్క చెప్పండి, పిల్లలు ముందు అదే అడుగుతారు.

తాళపత్రం
మొదటి దారం. రంగస్థలం మీద అమర్చి నిలబెట్టింది. సెట్ వేశారు అని మన వాళ్ళు అనడం కూడా పందిరి వేశారు లాగే ఉంటుంది. 2003లో వచ్చిన ‘ఒక్కడు’ సినిమా కోసం వేసిన చార్మినార్ సెట్ చెప్పండి, చాలు. సెట్స్ పైకి వెళ్ళింది అంటే షూటింగ్ మొదలైందని, అది పేపర్ల వాడుక. టెన్నిస్ దగ్గర మాత్రం ఎక్కువసేపు ఆగకండి. ఆరు గేములు, రెండు తేడా అని చెప్పి, 2010 వింబుల్డన్‌లో ఇస్నర్, మహూ ఆడిన అయిదో సెట్ 70–68 దాకా వెళ్ళిందని చెబితే పిల్లలు ఇక మర్చిపోరు.

పరుగుపందెం
పీఈటీగా నాదో మాట. ‘ఆన్ యువర్ మార్క్స్, సెట్’ అని రెండు ఆజ్ఞలు ఇచ్చేది 400 మీటర్లు, అంతకంటే తక్కువ పరుగులకే. 800 నుంచి పైకి సెట్ అనరు, మార్క్స్ తర్వాత నేరుగా తుపాకీ. మన స్కూల్ స్పోర్ట్స్‌లో పదిహేను వందల మీటర్లకి కూడా రెడీ సెట్ గో అని అరుస్తుంటారు.

షేర్ల_సుబ్బయ్య
నల్లకోటు గారూ, మీరు సెట్ ఆఫ్ అన్నారు కాబట్టి అడుగుతున్నా. షేర్లలో నష్టం వచ్చింది, దాన్ని లాభంలో సెట్ ఆఫ్ చేసుకోవచ్చంటున్నారు, నిజమేనా?

నల్లకోటు
చేసుకోవచ్చు. షార్ట్ టర్మ్ క్యాపిటల్ నష్టాన్ని షార్ట్ టర్మ్, లాంగ్ టర్మ్ రెండు లాభాల్లోనూ తీసేసుకోవచ్చు. లాంగ్ టర్మ్ నష్టం లాంగ్ టర్మ్ లాభంలో మాత్రమే. జీతంలోంచి ఏదీ పోదు. మిగిలింది ఎనిమిదేళ్ళ దాకా ముందుకి తీసుకెళ్ళొచ్చు, కానీ గడువులోగా రిటర్న్ వేసి ఉండాలి, ఒక్కరోజు దాటినా ఆ సౌకర్యం పోతుంది. మిగతా వివరాలకి పన్నుల విభాగంలో కొత్త చర్చ తెరవండి, ఇక్కడ కొంగ గారి పిల్లలు చదువుకుంటున్నారు.